బండి వెనక మనిషి

తిరుపతి, తిరుచానూరు రోడ్డు పక్క
జూన్

అక్కా,

మనిద్దరం ఫోనులో మాట్లాడుకుంటే ‘బాగున్నావా’ దగ్గర మొదలై ‘పెట్టేయ్ ఫోను’ దగ్గర ఆగుతుంది. అది చూడలేకే నీ మరదలు హేమ ఈ దారి చెప్పింది. “కాగితం మీద రాసుకోండి ఇద్దరూ. ఎంత అరిసినా నాకు ఇనపడదు” అంది. అందుకని రాస్తున్నాను. మీ డిపో కండక్టరు నిర్మలమ్మ మధ్యాహ్నం బస్సులో చిత్తూరు వస్తోంది. ఆమె చేతికే ఇస్తాను. పోస్టు కంటే మీ బస్సులే నయం, సాయంత్రానికి నీ చేతిలో ఉంటుంది. కాగితంతోపాటు ఒక గ్రైండరు కూడా దిగుతుంది. కంగారు పడకు, కారణం చెప్తాను.

కారణం బండి. ట్యాక్సీ తోలడం మానేసి పాత వ్యాను కొని, దానిలోనే మంచం, వంటగట్టు, నీళ్ళ ట్యాంకు పెట్టించి ఇల్లు చేసుకున్నప్పుడు “చక్రాల మీద కాపురమేందిరా” అని నువ్వు నవ్వావు. ఇన్నాళ్ళూ బాగానే జరిగింది. గిరాకీ ఉంటే యాత్రకొచ్చిన కుటుంబాలు లోపల పడుకుంటాయి, మేం పక్కన గుడారంలో. హేమ వండుతుంది, నేను తోలుతాను. లేనప్పుడు ఇల్లు మాదే. ఇప్పుడు రెండు నెలలుగా రివర్స్ గేరు వేశానంటే బండంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. గిన్నెలు మోగుతాయి. క్లచ్ కాలిన వాసన ముక్కులో నుంచి పోదు. చదునులో పరవాలేదు. ఎక్కుడులో వెనక్కి పోవాలంటే నాకు చొక్కా తడిసిపోతుంది. హేమ వెనక నిలబడి తలుపు తడుతూ “రానీ, రానీ” అంటుంటుంది. “రానీ” అన్నంత సులభంగా వస్తుందా అది?

రేణిగుంట రోడ్డులో భానుచందర్ అని మంచి మెకానిక్. కొత్త క్లచ్ ప్లేటు వేశాడు. “ఇంటి సామానంతా ఎక్కించినావు కదన్నా, రివర్సులో ఎక్కుడంటే క్లచ్‌కి కష్టమే” అన్నాడు. అందుకని బరువు తగ్గిస్తున్నాను. ముందు గ్రైండరు. హేమ మొహం ముడుచుకుంది. నీ వరండాలో ఒక మూల పెట్టు.

ఒక చోట కూర్చోబుద్ధి కావడం లేదక్కా. బండి ఆపి ఉంచినా దాని చుట్టూ తిరుగుతున్నాను.

దేవేంద్ర


చిత్తూరు
జూన్

చక్రాల మీది తమ్ముడికి,

నీ గ్రైండరు దిగింది. దిగడం కాదు, ఊరేగింది. బస్సులో ఒక సీటు పట్టుకుని కూర్చుందట. పాకాలలో ఎవరో ముసలాయన “దీనికి టికెట్ కొట్టినావా?” అని అడిగితే నిర్మలమ్మకు నవ్వాగలేదట. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇడ్లీపిండి రుబ్బుకునే గ్రైండరు ఎంత బరువుంటుందిరా? ఆరుగురిని, వాళ్ళ పెట్టెల్ని, ట్యాంకెడు నీళ్ళని మోసే బండికి దాంతోనే నడుం విరిగిందా?

నేను ఇన్నేళ్ళుగా డ్రైవర్ల పక్కన నిలబడి టికెట్లు కొడుతున్నదాన్ని. క్లచ్ గురించి నాకు తెలిసింది తక్కువ. డ్రైవరు గురించి తెలిసింది ఎక్కువ. పక్క మనిషి భుజం కదిలే తీరు చూసి ఆయన ఆ రోజు ఇంట్లో తిట్లు తిని వచ్చాడో లేదో చెప్పగలను. అందుకే అడుగుతున్నాను. నీ ఎడమ కాలు ఎలా ఉంది? నిరుడు బండిపైన ట్యాంకు కడుతూ జారి పడి చీలమండ విరిగితే నేనే కదా పుత్తూరుకు తీసుకెళ్ళి, విరిగిన ఎముకలకు ఆకుపసరు కట్టు కట్టేవాళ్ళ దగ్గర కట్టించింది. మరో రెండుసార్లు వచ్చి కట్టు మార్పించుకోమన్నారు. రెండో కట్టుకు హేమతో వెళ్ళానన్నావు. మూడోది కట్టించుకున్నావా?

ఇంకోమాట. హేమకు పెళ్ళికి ముందు నగరిలో వాళ్ళ నాయన నూలు టెంపో తోలిన చెయ్యి ఉంది. పెద్ద బండి లైసెన్సు నువ్వే తీయించావు. స్టీరింగు ఎప్పుడైనా ఇచ్చావా, లేక అది నీ తాళిబొట్టా?

వరండాలో గ్రైండరు మీద పిల్లి పడుకుంది.

అక్క


భాకరాపేట
జూలై

అక్కా,

కాలు బ్రహ్మాండంగా ఉంది. కట్లు అన్నీ అయ్యాయి. కాలు గురించి మళ్ళీ అడగొద్దు. బండి గురించి రాస్తే కాలు దగ్గరికి వస్తావేంటి?

కొత్త ప్లేటు కూడా పోయింది. ఈసారి భానుచందర్ నా ముందే బండి ఎక్కి, వర్క్‌షాపు ర్యాంపు మీదికి వెనక్కి వెనక్కి ఎక్కించాడు. వాసన లేదు, వణుకు లేదు. “బండిలో తప్పు లేదన్నా” అన్నాడు. మెకానిక్ చేతిలో ఏ బండైనా అత్తారింటికొచ్చిన కొత్త కోడలిలా ఒద్దికగా ఉంటుంది. నా చేతికి రాగానే దాని బుద్ధి చూపిస్తుంది. నాకు తిక్క రేగి గట్టిగానే మాట్లాడాను. మళ్ళీ ప్లేటు వేయించుకుని వచ్చేశాను.

బరువే. ఇంకేమీ కాదు. ఇనప బీరువా తీసేశాను. మడత మంచం పలకలు తీసేశాను. అవి వేరే లారీలో వస్తాయి. ఈ కాగితంతో హేమ కుట్టు మిషను పంపుతున్నాను. అది కిటికీ పక్కన బిగించి ఉండేది. ఎక్కడ ఆగినా చుట్టుపక్కల ఆడవాళ్ళు జాకెట్లు తెచ్చి ఇచ్చేవాళ్ళు. కొంతకాలమే కదా. విప్పుతుంటే హేమ వచ్చి బోల్టులు ఒక్కొక్కటే తన కొంగులో వేసుకుంది. “ఇవి పోతే మళ్ళీ బిగించేదానికి ఉండవు” అంది. అంతే అంది.

మొన్న తలకోన దగ్గర పార్కింగు ఎక్కుడులో వెనక్కి పెడుతుంటే హేమ కాలు జారి పడి మణికట్టు బెణికింది. వానకు రాళ్ళు నున్నగా ఉన్నాయి. పుత్తూరులో కట్టు వేయించాను. భయపడాల్సింది లేదు.

వచ్చే నెల మంచి గిరాకీ ఉంది. ఏర్పేడు క్యాంపస్‌లో చదివే ఒక అబ్బాయి తల్లిదండ్రులు, అక్కాబావలు, చిన్న పిల్లలు అందరూ హార్స్‌లీ కొండకు వస్తారట. ఇది బాగా జరిగితే వాళ్ళ వాళ్ళంతా మనల్నే పిలుస్తారు. ఇది పోతే బండి అమ్మడమే. బండి అమ్మితే మేం ఉండే ఇల్లు కూడా అమ్మినట్టే. 

దేవేంద్ర


చిత్తూరు
జూలై

దేవేంద్రా,

కుట్టు మిషను పంపమని నిన్ను ఎవరడిగారు? నీ ఇల్లు ముక్కలు ముక్కలుగా వచ్చి నా వరండాలో పడుతోంది. గ్రైండరు, బీరువా, పలకలు, ఇప్పుడు ఆ పిల్ల మిషను. ఇంకొన్నాళ్ళకు హేమను కూడా బస్సెక్కించి, బరువు తగ్గిందంటావు. మిషను మూత తెరిస్తే లోపల సగం కుట్టిన చిన్నపిల్ల గౌను ఉంది. ఎవరిదో. దారం ఇంకా సూదిలోనే ఉంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

నువ్వు రాసింది నువ్వే ఒకసారి చదువుకో. భానుచందర్ తోలితే వాసన లేదు. బండి అదే, బరువు అదే, ఎక్కుడు అదే. మారింది ఎవరు? నీకు కోపం రావచ్చు. వస్తే రానీ. నీ ఎడమ కాలు పెడలు మీద నుంచి పూర్తిగా లేవడం లేదు. సగం లేచి అక్కడే ఉంటోంది. ప్లేటు కాలుతున్నది అందుకే. ముందుకు పోయేటప్పుడు వేగంలో కప్పిపుచ్చుకుంటావు. రివర్సులో నిదానంగా వదలాలి కదా, ఆ నిదానం నీ చీలమండలో లేదు. అది వణికితే బండి వణుకుతుంది. అది జారితే బండి ఎగురుతుంది.

హేమ రాళ్ళమీద జారిందా, బండి ఎగిరిందా?

నువ్వు ఏం చేసుకుంటావో చేసుకో, ఆ పిల్లను మాత్రం బండి వెనక నిలబెట్టొద్దు.

అక్క


తిరుపతి
జూలై

వనజాక్షి గారికి,

మీరు బస్సు కండక్టరు. మీ విజిల్ మీ బస్సులో వేసుకోండి. ఇది నా బండి. చిత్తూరులో కూర్చుని నా కాలు యాడ లేచిందో యాడ దిగిందో చెప్పడానికి మీకేమైనా దుర్భిణీ ఉందా?

బండి వెనక మనిషి లేకుండా ఈ సైజు బండిని ఎవడూ వెనక్కి పెట్టడు. హేమ నిలబడుతుంది. నిలబడాలి. నాకు నమ్మకమున్న మనిషి ఆమె ఒక్కతే.

వచ్చే నెల హార్స్‌లీ కొండకు పోతున్నాను. వచ్చాక రాస్తాను. రాయకపోవచ్చు కూడా.

దేవేంద్ర


చిత్తూరు
జూలై

అమ్మా హేమా,

ఈ కవరు అతికించి పంపుతున్నాను. నిర్మలమ్మ నీ ఒక్కదాని చేతికే ఇస్తుంది. దేవేంద్ర నన్ను ‘మీరు’ అన్నాడు. పుట్టినప్పటి నుంచి వాడు నన్ను అంత మర్యాదగా పిలవడం ఇదే మొదలు. అంటే నేను చెప్పిన మాట తగలాల్సిన చోట తగిలిందన్నమాట.

నాకు నిజం చెప్పు. వాడు పుత్తూరుకు రెండో కట్టుకు వెళ్ళాడా? తలకోనలో ఏం జరిగింది? నీ చెయ్యి ఎలా ఉంది? వాడికి నేను చెప్పను. నా పొట్టలో పడిన మాట నిలుస్తుంది.

కొండకు పోయే వాళ్ళలో చిన్నపిల్లలున్నారని రాశాడు. పిల్లలు బండి ఆగగానే దాని వెనకే ఆడతారు తల్లీ. నాకు కుదురు లేదు. డ్యూటీలో ఇద్దరికి చిల్లర తప్పుగా ఇచ్చాను.

నీ మిషను తుడిచి, నూనె వేసి, దుప్పటి కప్పాను.

మీ వదిన


తిరుపతి
జూలై

వదినా,

మీ కవరు నిర్మలమ్మ గారు బస్టాండులో ఇచ్చారు. ఆయన టీకి పోయినప్పుడు అక్కడే బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. చెయ్యి కట్టులోనే ఉంది, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి.

రెండో కట్టుకు వెళ్ళలేదు. మొదటి కట్టు ఎండి గట్టిపడగానే నొప్పి తగ్గింది. అదే సమయానికి శ్రీకాళహస్తికి ఒక గిరాకీ వచ్చింది. “పని జరిగిపోయినాది హేమా, ఇంక దీంతో పనేముండాది” అంటూ నా కత్తెర తీసుకుని కట్టు తానే కోసేసుకున్నారు. గుడ్డలు కోసే కత్తెర వదినా. కట్టులోని గుడ్డుసొన, ఆకుపసరు పట్టేసి దాని పదును పోయింది. నేను వద్దన్నాను. గట్టిగా అనలేదు. మాకు ఆ నెల గిరాకీ కావాలి.

అప్పటి నుంచి ఆయన ఎడమ కాలికి చెప్పు వేసుకోరు. చెప్పుంటే పెడలు తెలియదంటారు. సాయంత్రానికి మడమ ఉబ్బుతుంది, గుడారంలో అటువైపు తిరిగి నూనె రాసుకుంటారు. నేను నిద్రపోయినట్టు ఉంటాను. తలకోనలో రాళ్ళు నున్నగా లేవు. వాన కూడా లేదు. బండి ఒక్కసారి ఎగిరింది. నేను పక్కకు దూకి చెయ్యి మీద పడ్డాను. ఆయన దిగి వచ్చి నన్ను లేపి, బండినీ మెకానిక్‌నీ తిట్టారు. తిడుతున్నంతసేపూ ఆయన పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పుత్తూరులో నన్ను కట్టు కట్టేవాళ్ళ గుమ్మం ముందు దింపి, టీ తాగుతానని తాను లోపలికే రాలేదు. వాళ్ళు తన నడక చూస్తారని భయం.

ఆయనకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలియదు. తెలిసీ వెనక ఎందుకు నిలబడుతున్నావని మీరు అడుగుతారు. అది ఆయన అడిగితే ఆయనకే చెప్తాను.

మీరు ఆయనతో ఇంక కాలు మాట ఎత్తకండి. ఎత్తినకొద్దీ ఆయన సామాను దించుతున్నారు. ఇప్పుడు వంటగట్టు రాయి వైపు చూస్తున్నారు.

వస్తున్నారు. ఉంటాను.

హేమశ్రీ


చిత్తూరు
ఆగస్టు

దేవేంద్రా,

కాలు గురించి రాయడం లేదు. నీ బండి, నీ ఇష్టం.

ఈ కాగితంతో రెండు వస్తువులు వస్తున్నాయి. ఒకటి హేమ కుట్టు మిషను. నా వరండాలో జాగా లేదు. అది లేకుండా ఆ బండి ఇల్లు కాదు. బోల్టులు ఆమె కొంగులోనే ఉన్నాయన్నావు కదా, బిగించుకో.

రెండోది నా పాత విజిల్. అది హేమకు కాదు, నీకు. మా దగ్గర కొత్తగా చేరిన ప్రతి డ్రైవరునీ ఒకసారి బస్సు వెనక నిలబెట్టి ఇంకో డ్రైవరుతో రివర్సు చేయిస్తాం. అది రూలు కాదు, మా డిపో అలవాటు. ఎవరి పాదం కింద ఎవరి ప్రాణం ఉందో చూడనీ అని. నువ్వు ట్యాక్సీలు తోలావు, ఈ బండి తోలావు, ఆ అలవాటు నీకు ఎవరూ చేయలేదు.

కొండకు పోయేముందు ఒక్క పని చెయ్యి. పాకాల స్టేషనుకు ఇవతల మట్టి ఎక్కుడు ఉంది, నీకు తెలుసు. సామానంతా వేసుకుని అక్కడికి వెళ్ళు. స్టీరింగు హేమకు ఇచ్చి నువ్వు వెనక నిలబడు. ఒక్కసారి చాలు. ఆగమంటే ఒక విజిల్, రమ్మంటే రెండు. అది చేశాక నువ్వేం చేసినా ఈ అక్క నోరు మెదపదు. ఈ మాట నేను నిలబెట్టుకోవడం ఎంత కష్టమో నీకు తెలుసు కాబట్టి నమ్ము.

అక్క


పాకాల
ఆగస్టు

అక్కా,

నిర్మలమ్మ బస్సు ఇటే వస్తుందని రోడ్డు పక్కన కూర్చుని రాస్తున్నాను.  రాసింది కొట్టేస్తున్నాను, మళ్ళీ రాస్తున్నాను.

నీ కాగితం చదివి ముందు చించేద్దామనుకున్నాను. ఈ ఒక్కసారి చేసి పారేస్తే నీ నోరు మూతపడుతుంది కదా అని ఒప్పుకున్నాను. మొన్న మిషను బిగించాం. ట్యాంకు నింపుకుని నువ్వు చెప్పిన ఎక్కుడు దగ్గరికి వచ్చాం. హేమ కట్టు విప్పి వారమైంది. సీటు ముందుకు జరుపుకుంది, అద్దాలు తిప్పుకుంది. ఎవరి బండో ఎక్కినట్టు కాదు, ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన సీట్లో కూర్చున్నట్టు కూర్చుంది. నేను వెనక్కి వెళ్ళి విజిల్ నోట్లో పెట్టుకుని రెండు ఊదాను.

అక్కా, వెనక నిలబడితే ఆ బండి ఎంత పెద్దగా ఉంటుందో నాకు తెలియదు. ఎప్పుడూ ముందు నుంచే చూశాను. ఆకాశం కనబడలేదు. తోలే మనిషి కనబడదు. వెనక దీపాలు వెలిగి, ఆ గోడంత తలుపు నా వైపు కదిలింది. అది ఆగుతుందో ఎగురుతుందో మొత్తం లోపలున్న మనిషి ఒక్క పాదంలో ఉంది. వణుకు లేదు. వాసన లేదు. వీధిలో తోపుడుబండి వచ్చినంత మెల్లగా వచ్చింది. అయినా నేను విజిల్ ఊదడం మరిచిపోయి పక్కకు జరిగిపోయాను.

బండి ఆగింది. హేమ కిటికీలో నుంచి తల బయట పెట్టి అడిగింది.

“యాడికి పోతావు? ఆడే నిలబడు. నేను నిలబడలేదా?”

నేను ఆ మట్టిలోనే కూర్చుండిపోయాను. తలకోనలో ఆ తలుపు ఆమె మీదికి ఎగిరి వచ్చింది. మర్నాడు నేను మళ్ళీ రివర్సు వేస్తే, కట్టు ఉన్న చేత్తో వచ్చి మళ్ళీ అక్కడే నిలబడి “రానీ” అంది. ఆమె దిగి వచ్చి నా ఎడమ కాలు తన ఒళ్ళో పెట్టుకుంది. దాచడానికి ఇంకేం మిగలలేదు.

“నీకు తెలుసా?” అన్నాను.

“కట్టు కోసిన కత్తెర నాదే కదా.”

“తెలిసీ ఎందుకు నిలబడినావే?”

“నేనుంటే నువ్వు భయపడతావు. భయపడితే నిదానంగా తోలుతావు. నేను లేకుంటే ఆడ ఇంకెవురి బిడ్డో ఉంటాది.”

అంతే అంది. తర్వాత కాలు దులిపి కింద పెట్టి, “లే, ఇంగొకసారి చేద్దాం. విజిల్ మాత్రం ఊదు” అంది. చేశాం. ఈసారి నేను జరగలేదు. చేతికి తలుపు తగిలేదాకా నిలబడి, ఒక్క విజిల్ ఊదాను. ఆగింది.

నిన్న పుత్తూరు వెళ్ళి లోపలికి పోయాను. చూసినాయన కాలు తిప్పి, తలాడించి, ఎముక వంకరగా అతుక్కుందని, ముందు ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫోటో తీయించుకుని రమ్మన్నాడు. “నడిచేదానికి సాలు. క్లచ్చు తొక్కేదానికి సాలదు” అన్నాడు. బయటికొచ్చి ఏడ్చాను, దాచను. ఇరవై ఏళ్ళకు పైగా నా అన్నం ఆ పాదమే పెట్టింది. భానుచందర్‌కు ఫోను చేసి ఆ రోజు అన్న మాటలకు తప్పైందన్నాను. “బండి ఎట్లుండాదన్నా?” అన్నాడు. బండి బాగుందన్నాను.

ఏర్పేడు వాళ్ళకు కూడా చెప్పాను, తోలేది మా ఇంటావిడ అని. ఆ పెద్దాయన చేతిలోంచి పిల్లల తల్లి ఫోను లాక్కుని “ఆమె నిదానంగా తోలుతుందా?” అని అడిగింది. తోలుతుందన్నాను. సరే రండి అంది. శుక్రవారం బయల్దేరుతున్నాం. వంట ఎవరు చేస్తారని హేమ నవ్వుతోంది. నేనే. దానికి గ్రైండరు కావాలి.

గ్రైండరు, బీరువా, మంచం పలకలు అన్నీ పంపించు. పిల్లిని లేపి పంపించు. బరువైతే కానీ. ఆ బరువును ఆమె పాదం ఆపుతుంది.

ఆ చిన్న గౌను రాత్రి హేమ కుట్టి ముగించింది. ఎవరిదో అడిగాను. భాకరాపేటలో పక్కింటి పాపదట, తిరిగొచ్చేటప్పుడు ఇచ్చి రావాలట.

నిర్మలమ్మ బస్సు కనబడుతోంది. నీ విజిల్ ఇప్పుడే పంపను అక్కా. బండి వెనక నాకు దాంతో పనుంది.

నీ తమ్ముడు
దేవేంద్ర